విల్ట్‌ని, జోర్డన్‌ని, కర్రీని పక్కపక్కన పెట్టి చూడటం ఎలా

ప్రాక్టీస్ అయ్యాక పిల్లలు నీళ్లు తాగుతూ కూర్చునే ఆ పది నిమిషాల్లో రోజూ ఇదే వాదన. "మేడమ్, జోర్డన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా?" ఇద్దరూ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో వేర్వేరు కాలాల స్టార్లు. పంతొమ్మిదేళ్లుగా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. అడిగే పిల్లలు మారారు గానీ ప్రశ్న మారలేదు. మొదట్లో నేనూ టక్కున ఒక పేరు చెప్పేసేదాన్ని. ఇప్పుడు చెప్పను, బ్యాగులోంచి నా నోట్‌బుక్ తీసి వాళ్ల ముందు పెడతాను.

ఆ నోట్‌బుక్‌లో ఆటగాడికో పేజీ లేదు, నైపుణ్యానికో పేజీ ఉంది. షూటింగ్, బంతి మీద అదుపు, పాస్, పాదాల పని, డిఫెన్స్. మీరూ అక్కడే మొదలుపెట్టండి. "ఎవరు గొప్ప" అనే వాదన ఎంతసేపు సాగినా తెగదు. "బాస్కెట్‌కి వీపు పెట్టి బంతి అందుకున్నాక ఎవరి పాదాలు బాగా కదులుతాయి" అని అడిగితే మాత్రం వీడియో పెట్టుకుని చూసి ఒక మాట అనుకోవచ్చు. టైటిళ్ల లెక్కని ఈ నోట్‌బుక్‌లోకి రానివ్వను. జోర్డన్‌కి 6 టైటిళ్లు ఉంటే రాబర్ట్ హోరీకి 7 ఉన్నాయి. హోరీ మంచి ఆటగాడే, కీలక సమయంలో షాట్ వేసే గుండె ఉన్నవాడే. అయినా అతను జోర్డన్ కంటే నైపుణ్యం ఉన్నవాడని ఎవరూ అనరు.

ఇక అంకెలు. పిల్లలు ముందుగా తెచ్చేది విల్ట్ చాంబర్లేన్ 1961-62 సీజన్. మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం). చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ అదే సీజన్‌లో ఒక్కో జట్టు మ్యాచ్‌కి సగటున 107కి పైగా షాట్లు వేసింది. ఇప్పటి జట్లు వేసేది 90కి దగ్గర్లో. అప్పట్లో బంతి దొరకడమే ఆలస్యం, పరుగెత్తి షాట్ వేసేవాళ్లు. వేసిన వాటిలో 43 శాతం కూడా పడేవి కావు. షాట్లు ఎక్కువ, తప్పేవి ఎక్కువ, కాబట్టి అందుకోవడానికి రీబౌండ్లూ ఎక్కువ. దానికి తోడు విల్ట్ మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచ్ ఉండేదే 48 నిమిషాలు, ఎక్స్‌ట్రా టైమ్ కలిస్తే అంత తేలింది.

అందుకని మొదట వేగం తేడా తీసేయాలి. అప్పటి మ్యాచ్‌లో ఒక్కో జట్టు చేతికి బంతి సుమారు 126 సార్లు వచ్చేదని అంచనా. ఇప్పుడు వంద కంటే కాస్త తక్కువ. ఆ నిష్పత్తిలో తగ్గిస్తే విల్ట్ 50 కాస్తా దాదాపు 40 అవుతుంది, అదీ మ్యాచ్ అంతా బెంచీ మీద కూర్చోకుండా ఆడితే. అదే సీజన్‌లో 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్ట్‌లు (సాటివాడు బాస్కెట్ చేయడానికి దారితీసిన పాస్‌లు) సాధించిన ఆస్కార్ రాబర్ట్‌సన్ అంకెల్నీ, 2016-17లో 31.6, 10.7, 10.4 సాధించిన రస్సెల్ వెస్ట్‌బ్రూక్ అంకెల్నీ ఇలాగే ఒక దారికి తెచ్చాకే పక్కపక్కన రాయాలి.

రెండో లెక్క నాకు ఇంకా ముఖ్యం. ఆటగాడిని ఇంకో కాలం వాడితో కాదు, ముందు తన కాలం వాళ్లతోనే పోల్చాలి. దీనికి ట్రూ షూటింగ్ అనే కొలత వాడతాను. వేసిన షాట్ల సంఖ్యకు, ఫ్రీ త్రోల (ఫౌల్ అయినప్పుడు అడ్డు లేకుండా వేసే షాట్ల) సంఖ్యను 0.44తో గుణించి కలపండి. వచ్చినదాన్ని రెండింతలు చేయండి. మొత్తం పాయింట్లను దాంతో భాగించండి. త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతలినుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), ఫ్రీ త్రోలు అన్నీ కలిసి ఒకే అంకె వస్తుంది.

1961-62లో విల్ట్‌కి 4,029 పాయింట్లు, 3,159 షాట్లు, 1,363 ఫ్రీ త్రోలు. లెక్కేస్తే 53.6 శాతం. ఆ ఏడాది లీగ్ మొత్తానిది సుమారు 48. అంటే సాటివాళ్ల కంటే ఐదారు శాతం పాయింట్లు పైన. జోర్డన్ 1987-88లో 60కి కాస్త పైన ఉన్నాడు, లీగ్ 54 దగ్గర. తేడా ఆరున్నర. స్టీఫెన్ కర్రీ 2015-16లో 67 దగ్గర, లీగ్ మళ్లీ 54 దగ్గరే. తేడా దాదాపు పదమూడు! నోట్‌బుక్‌లో ఈ మూడూ వరుసగా రాసుకున్న రోజు చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను. విల్ట్ 50కి, ఆ సీజన్‌లో జోర్డన్ 35 సగటుకి నోరెళ్లబెట్టే మనం కర్రీ 30.1 పాయింట్ల సగటు చూసి "బాగుంది" అనుకుని ముందుకెళ్లిపోతాం. షూటింగ్ ఒక్కటే తీసుకుంటే ఆ 30.1 వెనకున్న నైపుణ్యానికి సాటి నేనింకెక్కడా చూడలేదు.

అంకెల్లో లేనివీ ఉంటాయి. 1973-74 సీజన్‌కి ముందు ఎన్‌బీఏలో బ్లాకులు (అవతలివాడి షాట్‌ని గాల్లోనే ఆపడం), స్టీల్స్ (బంతిని లాక్కోవడం) లెక్క పెట్టలేదు. అంటే 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన బిల్ రస్సెల్‌కి అధికారికంగా ఒక్క బ్లాక్ కూడా లేదు. డిఫెన్స్ పేజీలో అంకెలతో మొదలుపెడితే అతని పేరు రాయడానికే చోటు దొరకదు. వీడియో చూస్తే ఇంకో సంగతి. చాలామంది బంతిని బలం కొద్దీ ప్రేక్షకుల్లోకి కొడతారు. చప్పట్లు పడతాయి, బంతి మాత్రం మళ్లీ అవతలి జట్టుకే. రస్సెల్ బంతిని కొట్టడు, వేళ్లతో తోస్తాడు, అది తన వాళ్ల చేతిలో పడుతుంది. అక్కడినుంచే ఎదురుదాడి మొదలు.

ఇప్పుడు రూల్స్ దగ్గరికి వస్తాను. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది.

కొన్నేళ్ల క్రితం పిల్లలకు బాబ్ కూసీ పాత వీడియో చూపించి, "చూడండి, ఆ రోజుల్లో డ్రిబ్లింగ్ ఎంత మామూలుగా ఉండేదో" అన్నాను. కూసీ 1950లలో ఎన్‌బీఏలోకెల్లా పేరున్న పాయింట్ గార్డ్, అంటే బంతి పట్టుకుని జట్టు ఆటను నడిపేవాడు. వరుసలో చివర కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఆయన చెయ్యి ఎప్పుడూ బంతి పైనే ఉంది, కావాలని అలా చేస్తున్నారా?" అంది. నేను తిరిగి చూశాను. నిజమే. అప్పటి రిఫరీలు చెయ్యి బంతి పక్కకో కిందికో జారితే క్యారీ (బంతిని మోసిన తప్పు) అని విజిల్ ఊదేసేవాళ్లు. ఇప్పుడు మనం ముచ్చటపడే క్రాసోవర్‌లో (బంతిని ఒక చేతినుంచి ఇంకో చేతికి చటుక్కున మార్చడంలో) చెయ్యి బంతి పక్కకు జారి, ఒక్క క్షణం దాన్ని పట్టుకున్నట్టే పట్టుకుని, అవతలి వైపుకు లాగుతుంది.

నమ్మకం కుదరకపోతే బంతి తీసుకోండి. అరచెయ్యి పూర్తిగా బంతి పైన ఉంచి, పక్కకు జరపకుండా, పరుగెత్తుతూ కుడి నుంచి ఎడమకి మార్చండి. మా పిల్లల్లో బాగా ఆడేవాళ్లకే నాలుగైదు సార్లకు ఒకసారి కుదిరింది. బంతి పక్కకు రాదు, కాలికి తగిలి పోతుంది. ఆ రోజు కూసీ వీడియో మళ్లీ మొదటినుంచి చూశాం, ఈసారి ఎవరూ మాట్లాడలేదు. కాబట్టి బంతి అదుపు పేజీలో ఎవరి పేరు రాసినా, పక్కన ఆ కాలపు రిఫరీ దేన్ని ఒప్పుకునేవాడో కూడా రాయండి.

రూల్ ఒకవైపు సాయం చేస్తే ఇంకోవైపు అడ్డుపడుతుంది. రెండువైపులా చూడకపోతే లెక్క తప్పుతుంది. జోర్డన్ కాలంలో డిఫెండర్ నడుము మీద చెయ్యేసి ఆపగలిగేవాడు. 2004-05 నుంచి దాన్ని గట్టిగా ఫౌల్‌గా పిలవడం మొదలైంది. "చూశారా, అప్పుడు ఆట ఎంత కష్టమో" అని జోర్డన్ అభిమానులు ఇక్కడ ఆపేస్తారు. కానీ 2001-02కి ముందు జోన్ డిఫెన్స్‌కి (మనిషిని కాకుండా చోటును కాపలా కాయడానికి) అనుమతి లేదు. జోర్డన్ ఒకవైపు ఒంటరిగా బంతి పట్టుకుంటే మిగతా డిఫెండర్లు ఊరికే వచ్చి దారికి అడ్డం నిలబడటానికి లేదు. ఇప్పటివాళ్ల ఒంటిమీద చెయ్యి పడదు గానీ మొదటివాణ్ని దాటితే రెండోవాడు ముందే ఎదురుగా ఉంటాడు. ఒకటి ఒంటికి కష్టం, ఇంకొకటి కంటికి కష్టం. నా నోట్‌బుక్‌లో రెండింటికీ సమానంగానే వేసుకున్నాను.

త్రీ పాయింట్ గీత కూడా ఇంతే. ఎన్‌బీఏలోకి అది 1979-80లో వచ్చింది. ఆ ఏడాది ఒక్కో జట్టు మ్యాచ్‌కి మూడు ప్రయత్నాలు కూడా చేయలేదు. ఇప్పుడు 35 దాటుతున్నాయి. లారీ బర్డ్ 13 సీజన్లలో మొత్తం 649 త్రీలు సాధిస్తే కర్రీ 2015-16 ఒక్క సీజన్‌లోనే 402 సాధించాడు. దీన్నిబట్టి బర్డ్‌కి షూటింగ్ తక్కువ అనుకోవద్దు. అప్పటి కోచ్‌లు ఆ షాట్‌ని ఆట ప్రణాళికలో ఒక మూలన పెట్టారు, అంతే. 1986లో మొదలైన త్రీ పాయింట్ పోటీని వరుసగా మొదటి మూడుసార్లూ గెలిచింది బర్డే.

మరి అన్ని కాలాల వాళ్లనూ ఒకే చోట నిలబెట్టే కొలత ఏదీ లేదా? ఒకటుంది, ఫ్రీ త్రో. 15 అడుగుల దూరం, 10 అడుగుల ఎత్తులో రింగ్, ఎదురుగా ఎవరూ ఉండరు. వేగం లేదు, జోన్ లేదు. షూటింగ్ పేజీ మొదలుపెట్టే ముందు నేను చూసేది దీన్నే. 1950లలో ఆడిన బిల్ షార్మన్ కెరీర్ మొత్తం మీద 88.3 శాతం వేశాడు, 1958-59లో 93.2. బర్డ్ 88.6. స్టీవ్ నాష్ 90.4. ఇక కర్రీ 91కి దగ్గర. డెబ్బై ఏళ్ల కిందటి షార్మన్ చెయ్యి ఇప్పటి చెయ్యికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. "పాతవాళ్లకు షూటింగ్ రాదు" అనేవాళ్లకు నేను చూపించేది ఈ ఒక్క వరుసే. ఇదే వరుసలో విల్ట్ 51.1 దగ్గర ఉంటాడు. 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో అతను 100 పాయింట్లు కొట్టిన మ్యాచ్‌లో మాత్రం 32 ఫ్రీ త్రోల్లో 28 పడ్డాయి. ఆ సీజన్‌లో బంతిని రెండు చేతులతో నడుము కిందినుంచి ఎత్తి వేసేవాడు. తర్వాత ఆ పద్ధతి వదిలేశాడు. నాకు ఇప్పటికీ బాధనిపించే విషయం అది.

అంకెలు అయ్యాక వీడియో. ఆ 100 పాయింట్ల మ్యాచ్‌కి వీడియో లేదు, నాలుగో క్వార్టర్ రేడియో వ్యాఖ్యానం మాత్రం మిగిలింది. ఉన్నవాటిలో హైలైట్స్ జోలికి పోకండి, అందులో ఎవరైనా దేవుడిలాగే కనిపిస్తాడు. పూర్తి మ్యాచ్ పెట్టుకోండి, సౌండ్ తీసేయండి. వ్యాఖ్యాత గొంతు పెరిగితే మన అభిప్రాయమూ దానితోపాటే పెరుగుతుంది. ఒక క్వార్టర్ అంతా ఒక్క ఆటగాడినే చూడండి, బంతి అతని దగ్గర లేనప్పుడు కూడా. ఆపి, వెనక్కి తిప్పి, ముందు పాదాలు చూడండి. చేతులు తర్వాత.

కరీమ్ అబ్దుల్ జబ్బార్ స్కై హుక్ ఇలా చూడండి. రింగ్‌కి వీపు పెట్టి బంతి అందుకుంటాడు. ఎడమ పాదం నేలలో పాతినట్టు ఆనుతుంది, ఒళ్లు పక్కకు తిరుగుతుంది. కుడి మోకాలు లేస్తుంది. ఎడమ మోచెయ్యి డిఫెండర్‌కీ బంతికీ మధ్య గోడలా నిలుస్తుంది. కుడి చెయ్యి పూర్తిగా చాచి పైకి వెళ్లాక, అక్కడ మణికట్టు ఒక్కటే కదులుతుంది. డిఫెండర్ ఎంత ఎగిరినా ఆ బంతికీ అతనికీ మధ్య కరీమ్ ఒళ్లంతా ఉంది. ఈ షాట్ అంత పదునెక్కడానికి ఒక రూల్ కూడా కారణం. 1967లో అమెరికా కాలేజీ ఆటలో డంక్‌ని నిషేధించారు, అతను యూసీఎల్‌ఏ కాలేజీలో ఉన్నప్పుడే. రింగ్‌లోకి కుక్కడానికి వీల్లేకపోయేసరికి హుక్‌కి పదును పెట్టుకున్నాడు. ఆ షాట్ అండతోనే 1985 ఫైనల్స్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యేనాటికి అతని వయసు 38. ఎగరడం తగ్గినా పనిచేసే నైపుణ్యానికి నేను ఒక చుక్క ఎక్కువ వేస్తాను.

పాదాల పేజీలో కరీమ్ పక్కన హకీమ్ ఒలాజువాన్ ఉన్నాడు. నైజీరియాలోని లాగోస్‌లో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడి ఆలస్యంగా ఈ ఆటకి వచ్చినవాడు. 1995లో ఆ ఏడాది ఎంవీపీ డేవిడ్ రాబిన్‌సన్‌ని బేస్‌లైన్ (రింగ్ వెనకాల గీత) దగ్గర తిప్పి తిప్పి వదిలిన దృశ్యాన్ని నెమ్మదిగా పెట్టి చూడండి. రాబిన్‌సన్ తప్పు చేయలేదు, ప్రతి కదలికకూ సరిగ్గానే స్పందించాడు. ఒలాజువాన్ ఆ స్పందన కోసమే కాసుకుని ఉన్నాడు.

పాస్ పేజీ మాత్రం ఇంకా తేలలేదు. నేను మ్యాజిక్ జాన్సన్ పేరు పైన రాస్తే, అప్పుడు కూసీ చెయ్యి గమనించిన ఆ అమ్మాయి (ఇప్పుడు నాతోపాటే చిన్నపిల్లలకు నేర్పిస్తోంది) నికోలా యోకిచ్ పేరు రాసి కింద గీత గీసింది. మ్యాజిక్ పరుగులో ఉండగా పాస్ ఇస్తాడు, యోకిచ్ నిలబడి నలుగురినీ కదిలించి ఇస్తాడు అని తన వాదన. వచ్చే శనివారం 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్ పెట్టుకుంటున్నాం. తన జట్టు సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడగరి) కరీమ్ గాయంతో దూరమైతే 20 ఏళ్ల మ్యాజిక్ ఆ స్థానంలో మొదలుపెట్టి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు, 7 అసిస్ట్‌లు సాధించిన మ్యాచ్ అది. సౌండ్ తీసేసి, పాస్‌లు మాత్రమే రాసుకుంటాం. పెన్సిల్ తెమ్మన్నాను, పేరు చెరిపి రాయాల్సి రావచ్చు.