చిన్న సింగిల్ సీటర్ రేస్ కారుకు వేరే ఇంజన్: ఎలా ఎంచుకోవాలి?

చక్రాలు బయటికి కనిపించే చిన్న రేస్ కారు ఒకటి మీ చేతిలో ఉందనుకుందాం. ఛాసిస్ బాగానే ఉంది. కానీ దాని అసలు ఇంజన్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. విడిభాగాలు దొరకవు, దొరికినా ధర వింటే కళ్లు తిరుగుతాయి. వేరే ఇంజన్ పెట్టేద్దామన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

ఇందులో తప్పేమీ లేదు. ఈ చిన్న కార్లు మొదటి నుంచీ అరువు ఇంజన్లతోనే బతికాయి. 1946లో కూపర్ తండ్రీకొడుకులు కట్టిన 500 సీసీ కారులో ఉన్నది జాప్ మోటార్ సైకిల్ ఇంజన్. 1960ల్లో వచ్చిన ఫార్ములా వీ కార్లు వోక్స్‌వ్యాగన్ బీటిల్ 1200 సీసీ ఇంజన్‌తో పరుగెత్తాయి. 1967లో ఇంగ్లండ్‌లో మొదలైన ఫార్ములా ఫోర్డ్‌కూ మామూలు కార్లలో వాడే ఫోర్డ్ ఇంజనే దిక్కయింది.

1. ముందు రూల్ బుక్ తెరవండి

ఇంజన్ల జాబితా ముందేసుకుని హార్స్ పవర్ లెక్కలు చూడటం చాలామంది చేసే మొదటి పొరపాటు. మీరు పోటీ చేయబోయే క్లాస్ ఏ ఇంజన్‌ను ఒప్పుకుంటుంది, దానికి ఏ పగ్గం వేస్తుంది అన్నది ముందు తేలాలి.

విద్యార్థులు కార్లు కట్టి పోటీ పడే ఫార్ములా స్టూడెంట్‌నే తీసుకోండి. అక్కడ 710 సీసీ వరకు ఫోర్ స్ట్రోక్ ఇంజన్ పెట్టుకోవచ్చు. కానీ పెట్రోల్ ఇంజన్ పీల్చే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. ఆ రంధ్రంలో గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకున్నాక ఇంజన్ ఎంత గట్టిగా లాగినా అదనంగా రాదు. సెకనుకు దాదాపు 74 గ్రాముల గాలి, అంతే. అలాంటప్పుడు పైన 14,000 ఆర్‌పీఎం దగ్గర విజృంభించే ఇంజన్ కొని ప్రయోజనం ఏముంది? తక్కువ ఆర్‌పీఎంలో బాగా లాగే సింగిల్ సిలిండర్ ఇంజన్‌తో, తక్కువ బరువుతో పోటీకి దిగే జట్లు అందుకే ఉన్నాయి.

అమెరికాలో పాత ఫోర్డ్ కెంట్ ఇంజన్‌కు ప్రత్యామ్నాయంగా ఫార్ములా ఎఫ్ (అక్కడి ఫార్ములా ఫోర్డ్) కార్లలో హోండా ఫిట్ 1.5 లీటర్ ఇంజన్‌ను అనుమతించినప్పుడు కూడా గాలిని కట్టడి చేసే రెస్ట్రిక్టర్ పెట్టి రెండింటినీ సమానం చేశారు. అంటే కొత్త ఇంజన్ వల్ల ఒరిగేది అదనపు పవర్ కాదు, మళ్లీ మళ్లీ విప్పి బాగుచేసుకునే బాధ తప్పడం. నా దృష్టిలో అదే పెద్ద లాభం.

2. బైక్ ఇంజనా, కారు ఇంజనా?

600 సీసీ నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైక్ ఇంజన్ గేర్‌బాక్స్, క్లచ్‌తో కలిపి దాదాపు 60 కిలోలు తూగుతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా గేర్లు మారే ఆరు గేర్ల సీక్వెన్షియల్ గేర్‌బాక్స్ అందులోనే వచ్చేస్తుంది. వినడానికి బాగుంటుంది. అయితే ఆ క్లచ్‌ను తయారు చేసింది బైకునూ, దాని మీద కూర్చున్న మనిషినీ లాగడానికి. అంతకు రెట్టింపు బరువున్న కారును గ్రిడ్ మీద నుంచి కదిలిస్తే నాలుగు స్టార్టులకే వాసన కొడుతుంది. గట్టి స్ప్రింగులు వేయక తప్పదు. రివర్స్ గేరు కూడా ఉండదు.

కారు ఇంజన్ బరువు ఎక్కువ, కానీ ఓపిక కూడా ఎక్కువే. పాత ఫార్ములా ఫోర్డ్ లాంటి కారైతే నేను రెండో ఆలోచన లేకుండా కారు ఇంజనే అంటాను. కారణం పవర్ కాదు. వాటిలో చాలా కార్లకు వెనక సస్పెన్షన్ హ్యూలాండ్ కంపెనీ గేర్‌బాక్స్ కేసింగ్‌కే బిగించి ఉంటుంది. బైక్ ఇంజన్ పెట్టాలని ఆ గేర్‌బాక్స్ తీసేస్తే సస్పెన్షన్‌కు ఆధారమే పోతుంది. కొత్తగా, తేలిగ్గా కట్టుకుంటున్న కారైతే మాత్రం బైక్ ఇంజన్ వైపు మొగ్గవచ్చు.

పాత గేర్‌బాక్స్‌కు కొత్త ఇంజన్ కలపాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేట్ కావాలి. ఇంజన్ క్రాంక్ షాఫ్ట్, గేర్‌బాక్స్ షాఫ్ట్ ఒకే గీత మీద ఉన్నాయో లేదో సన్నని తేడానూ చూపే డయల్ గేజ్‌తో చూసుకోండి. కంటి అంచనాకు వదిలేయకండి. ఇంకో సంగతి: హోండా పాత బి, డి సిరీస్ ఇంజన్లు మిగతా చాలా ఇంజన్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. చూసుకోకుండా బిగిస్తే ముందుకు వెళ్లడానికి ఒక్క గేరు, వెనక్కి వెళ్లడానికి నాలుగు గేర్లు మిగులుతాయి!

3. ఆయిల్ ఎటు పోతుందో ఆలోచించండి

ఎక్కువ ఇంజన్లు చచ్చేది ఇక్కడే. బైక్ మలుపులో వాలుతుంది, దాంతో పాటు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంప్ కూడా వాలుతుంది. కాబట్టి ఆయిల్ అడుగునే ఉంటుంది. కారు వాలదు. మలుపులో 1 జీ (అంటే కారు బరువంత) పక్క బలం వస్తే సంప్‌లో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు ఒరుగుతుంది. 1.5 జీకి దాదాపు 56 డిగ్రీలు. ఆయిల్ అంతా ఒక గోడకు ఎగబాకి, ఆయిల్ లాగే పికప్ గొట్టం గాలి పీల్చడం మొదలుపెడుతుంది. పెద్ద మలుపులో మూడు సెకన్లు అలా నడిచినా బేరింగులు చెడిపోవచ్చు.

తలుపులున్న అడ్డుగోడలు సంప్‌లో పెట్టడం చవకైన మార్గం. ఆయిల్‌ను సంప్‌లో నిలవనివ్వకుండా పంపుతో లాగి విడి ట్యాంకులో ఉంచే డ్రై సంప్ ఖరీదైనదే అయినా నమ్మదగినది. పైగా లోతైన సంప్ పోతుంది కాబట్టి ఇంజన్‌ను కిందికి దించుకోవచ్చు. ఏది చేసినా ఆయిల్ ప్రెషర్ పడిపోతే వెలిగే పెద్ద ఎర్ర లైటు డ్రైవర్ కళ్లెదుట ఉండాలి. మలుపులో ఉన్నవాడు చిన్న మీటరు ముల్లును చూడడు.

4. గేరింగ్ కాగితం మీద వేసి చూడండి

టైర్ చుట్టుకొలత 1.6 మీటర్లు, మీ ట్రాక్ మీద గరిష్ఠ వేగం 180 కిలోమీటర్లు అనుకోండి. అంటే సెకనుకు 50 మీటర్లు. చక్రం నిమిషానికి 1,875 సార్లు తిరగాలి. ఇంజన్ 12,000 దగ్గర ఉండాలంటే మొత్తం తగ్గింపు 6.4. ప్రైమరీ నిష్పత్తి (క్రాంక్ నుంచి క్లచ్‌కు జరిగే తగ్గింపు) 2.1, టాప్ గేరు 1.2 అయితే రెండూ కలిసి 2.52. మిగిలిన 2.54ను చైన్ స్ప్రాకెట్లు చూసుకోవాలి. ముందు 15 పళ్లు, వెనక 38 పళ్లు వేస్తే సరిపోతుంది. వెనక స్ప్రాకెట్ 60 పళ్లు దాటాలని మీ లెక్క తేల్చిందంటే, అది నేలకు తగులుతుందేమో ముందే కొలుచుకోండి.

5. వైరింగ్‌తో సహా కొనండి

ఇంజన్ ఒక్కటే చవకగా వస్తోందని తెచ్చుకుని, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఒకచోట, హార్నెస్ (వైర్ల కట్ట) ఇంకోచోట వెతకడం టెన్షన్. తాళం చెవి, ఈసీయూ, పూర్తి హార్నెస్, సెన్సార్లు అన్నీ ఒకే బండివి తీసుకోండి.

మొదటిసారి బైక్ ఇంజన్ బిగించినప్పుడు నాకు ఒక సాయంత్రమంతా పోయింది. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. పంపు చప్పుడే లేదు. ఫ్యూజులు మార్చాను, పంపు విప్పాను, రిలే మార్చాను. చివరికి చూస్తే బైక్ పడిపోతే ఇంజన్ ఆపేసే సెన్సార్ హార్నెస్‌కు తలకిందులుగా వేలాడుతోంది. దాని లెక్క ప్రకారం బండి పడిపోయి ఉంది. నిటారుగా బిగించి తాళం తిప్పగానే పంపు గుయ్యిమంది.

6. డబ్బు ఇచ్చే ముందు పరీక్ష

కంప్రెషన్ చూడటంతో ఆగకండి, లీక్ డౌన్ పరీక్ష చేయించండి. పిస్టన్ పైన ఉండగా సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వినాలి. సైలెన్సర్ వైపు బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే పిస్టన్ రింగులు. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టే.

ఆయిల్ ఫిల్టర్‌ను కోసి చూడండి. రంపంతో కోస్తే దాని పొడే లోపల పడుతుంది కాబట్టి ఫిల్టర్ కట్టర్ వాడాలి. మడతల కాగితాన్ని తెల్లగుడ్డ మీద పరిచి అయస్కాంతం తిప్పండి. అంటుకునేది గేర్లదో క్యామ్‌దో అయిన ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరుస్తుంటే బేరింగ్ అరుగుతోంది. ఆ ఇంజన్ వదిలేయండి.

అన్నీ బాగుంటే, వీలైతే అదే మోడల్ ఇంజన్ రెండోది కూడా ఇప్పుడే తీసుకుని పక్కన పెట్టుకోండి. సీజన్ మధ్యలో వెతికితే మీకు కావలసిన సంవత్సరంది దొరకదు.