మేడ మీద రావి మొక్క వాడిపోతుంది, పక్కనున్న రబ్బర్ మొక్కకి మాత్రం ఏమీ కావట్లేదు, ఎందుకు?

సమస్య: రెండూ ఒకే సైజు కుండీలు, ఒకే మట్టి, పొద్దున్నే చెరో చెంబు నీళ్ళు. మధ్యాహ్నం 2 అయ్యేసరికి రావి ఆకులు వేలాడిపోతాయి, రబ్బర్ మొక్క ఏమీ ఎరగనట్టు నిలబడుంటది. మా మేడ మీద ఇదే కథ, నేను వేర్లకి పురుగేమో అనుకుని వేపపిండి కూడా వేశా, దండగ.

ముందు ఇది చూడండి: సాయంత్రానికి ఆకులు వాటంతటవే లేస్తే వేర్లు బానే ఉన్నట్టు, ఆకు వదిలే నీళ్ళు వేరు లాగే నీళ్ళకంటే ఎక్కువవుతున్నాయంతే. పొద్దున కూడా వాడిపోయే ఉండి మట్టి తడిగా ఉంటే మాత్రం వేరు కుళ్ళు, అది వేరే గొడవ.

కారణం: రెండూ మర్రి జాతే, ఆకు తుంచితే రెండిటికీ పాలు కారతాయి, కానీ తోలు వేరు. రబ్బర్ ఆకు పట్టుకుంటే రెక్సిన్ లా ఉంటది, పైన మందంగా మైనం పొర, దాని కింద చర్మం ఒక వరస కణాలు కాకుండా రెండు మూడు వరసలు, పత్రరంధ్రాలు, అంటే ఆకు నీళ్ళని ఆవిరిగా వదిలే సన్న చిల్లులు, అడుగు వైపే, అవీ గుంటల్లోకి దిగి ఉంటాయి కాబట్టి గాలి నేరుగా తగలదు. రావి ఆకు పలచన, పైగా తొడిమ పొడుగు కదా, కాస్త గాలికే గలగలా ఆడుద్ది, ఆకుని అంటుకునున్న తేమ ఎప్పటికప్పుడు కొట్టుకుపోద్ది. మరి గుడి దగ్గర రావి ఎండల్లో కూడా పచ్చగా ఎలా ఉంది అంటారేమో, దాని వేర్లు ఎక్కడిదాకా పోయాయో, కుండీలో దీనికి ఆ దారేది.

నమ్మకం లేకపోతే పొద్దున పూట రెండిటికీ చెరో ఆకుకి లోపల కనపడే ప్లాస్టిక్ కవర్ తొడిగి దారం కట్టండి, గంటాగి చూస్తే ఏ కవర్ కి ఎక్కువ చెమట పట్టిందో తెలిసిపోద్ది.

పరిష్కారం: రావికి ఎండల్లో రెండు పూటలా నీళ్ళు, మట్టి మీద కొబ్బరి పీచో ఎండుటాకులో పరిచి, ఎదురుగాలి తగలని గోడ పక్కకి జరపండి. ఎర్రటి లేత చిగురొచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త, దానికి మైనం ఇంకా గట్టిపడి ఉండదు. మాఘం ఫాల్గుణాల్లో ఆకులన్నీ పండి రాలితే కంగారుపడి నీళ్ళు గుమ్మరించొద్దు, అది దాని అలవాటు.

రావిని చూసి రబ్బర్ మొక్కకీ రెండు పూటలా పోసేరు, నేనలా పోసే కింది ఆకులు నాలుగు పసుపెక్కించి రాల్చుకున్నా, దానికి వేలు పెడితే పైమట్టి పొడిగా తగిలినప్పుడు పోస్తే చాలు.