డయల్-అప్ కనెక్ట్ కాకపోతే ముందు ఫోన్ పెట్టి చూడండి

పాత కంప్యూటర్‌లో డయల్-అప్ (ఫోన్ లైన్ మీద నడిచే ఇంటర్నెట్) పనిచేయకపోతే చాలామంది వెంటనే విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడతారు, దయచేసి అంత పని పెట్టుకోకండి. ముందు మోడెమ్ (కంప్యూటర్‌ని ఫోన్ లైనుకి కలిపే పరికరం) నుంచి ఫోన్ వైరు తీసి అదే వైరుకి మామూలు ఫోన్ తగిలించి వినండి. డయల్ టోన్ లేకపోతే తప్పు లైనుదో వైరుదో. టోన్ ఉండి గరగర వినిపిస్తుంటే మాత్రం స్పీడ్ పడిపోవడానికీ, మధ్యలో కట్ అవడానికీ ఎక్కువగా అదే కారణం, కాబట్టి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైర్లు, స్ప్లిట్టర్లు తీసేసి చిన్న వైరుతో నేరుగా గోడ సాకెట్‌కి కలపండి. మోడెమ్ వెనక రెండు రంధ్రాలుంటే గోడ నుంచి వచ్చేది 'లైన్' అన్నదాంట్లోనే పెట్టాలి, ఈ పొరపాటు చాలా మామూలు.

టోన్ బాగానే ఉన్నా, డయల్ టోన్ లేదని చెప్పే 680 ఎర్రర్ వస్తోందా? మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేయండి. 691 అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూసుకోండి, క్యాప్స్ లాక్ కూడా. 633 అంటే సాధారణంగా వేరే ప్రోగ్రామ్ ఏదో, ఫ్యాక్స్ సాఫ్ట్‌వేర్ లాంటిది, మోడెమ్‌ని పట్టుకుని కూర్చుందని.

మోడెమ్ బతికే ఉందా అని అనుమానమొస్తే పాత విండోస్‌లో ఉండే హైపర్‌టెర్మినల్ అనే ప్రోగ్రామ్ తెరిచి, మోడెమ్ ఉన్న పోర్టు ఎంచుకుని 'ఏటీ' అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి, 'ఓకే' అని వస్తే కంప్యూటర్‌తో మాట్లాడుతున్నట్టే. ఇంకోటి, 56కె (సెకనుకు 56 కిలోబిట్ల) మోడెమ్ 44 దగ్గర కనెక్టయిందని టెన్షన్ పడకండి, మంచి లైన్ మీద కూడా మామూలుగా అంతే వస్తుంది.