ఆవకాయ సీసా కదలకుండా కూర్చునే అట్టపెట్టె ఎలా చేయాలి?

మా ఊరు రావులపాలెం దగ్గర. వేసవిలో ఆవకాయ పెట్టి తెలిసినవాళ్లకి పార్సిల్ పంపడం మా ఇంట్లో నాలుగేళ్లుగా నడుస్తోంది. మొదటి ఏడాది హైదరాబాద్‌లో ఉండే మా పిన్నికి ఆరు గాజు సీసాలు పంపాను. పెద్ద పెట్టె, నిండా పాత పేపర్లు, పైన నాలుగు వరసల టేపు. ఏనుగు తొక్కినా ఏమీ కాదనుకున్నాను. మూడో రోజు పిన్ని ఫోన్. "ఒరేయ్, పెట్టెలోంచి నూనె కారుతోందిరా, లిఫ్టంతా ఆవకాయ వాసనే!"

ఆరింట్లో రెండు పగిలాయి, ఒకదాని మూత ఊడింది. కొరియర్ వాళ్లని నాలుగు తిట్టుకున్నాను. తర్వాత పిన్ని పంపిన ఫోటోలు చూస్తే తప్పు నాదేనని తెలిసింది. పేపర్లన్నీ అణిగి అడుగున ముద్దయిపోయాయి. సీసాలు ఒకదాని పక్కన ఒకటి చేరి కూర్చున్నాయి. దారి పొడుగునా అవి ఒకదాన్నొకటి కొట్టుకుంటూ వెళ్లాయన్నమాట.

అదే సమయంలో మా వీధి కిరాణా కొట్టు ముందు గుడ్ల ఆటో ఆగి ఉంటుంది రోజూ. కాలవ గట్టు గోతుల్లో పడి లేస్తూ వస్తుంది. ట్రేకి 30 గుడ్లు. కింద దూది లేదు, పైన పేపర్ లేదు. ఒక్కో గుడ్డుకి ఒక్కో గుంట, అంతే. గుంట గుడ్డుని పక్కల దగ్గర పట్టుకుంటుంది, కొన మీద బరువు పడనివ్వదు. నాకు తెలియాల్సిన సంగతంతా ఆ ట్రేలోనే ఉంది. ఖాళీని నింపడం వేరు, వస్తువుని పట్టుకోవడం వేరు. నేను నింపాను. పట్టుకునే పని మడతపెట్టిన అట్ట చేస్తుంది.

ముందు అట్ట సంగతి

పెట్టెల షాపులో 3 ప్లై, 5 ప్లై అని రెండు రకాలు ఇస్తారు. రెండు చదును కాగితాల మధ్య ఒక అలల కాగితం ఉంటే 3 ప్లై. మూడు చదును కాగితాలు, వాటి మధ్య రెండు అలల వరసలు ఉంటే 5 ప్లై. ఈ అలల్ని ఫ్లూట్ అంటారు. పార్సిల్ పెట్టెలో మామూలుగా వాడే 3 ప్లై మందం 3 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. కచ్చితంగా తెలుసుకోవాలంటే పది ముక్కలు దొంతర పెట్టి స్కేలుతో కొలిచి పదితో భాగించండి. ఈ అంకె కాగితం మీద రాసి పెట్టుకోండి, చివరిదాకా దీంతోనే పని. బయటి పెట్టెకి 5 ప్లై, లోపల సీసాని పట్టుకునే భాగాలకి 3 ప్లై సరిపోతుంది.

అల ఎటు ఉందో చూసుకోవడం మర్చిపోకండి. షెడ్డు రేకుని గుర్తు తెచ్చుకోండి. ఒక వైపు సులువుగా వంగుతుంది, రెండో వైపు మనిషి నిలబడినా వంగదు. అట్టా అంతే. పెట్టె గోడల్లో అలలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పైన ఇంకో రెండు పార్సిళ్లు పడగానే గోడ కూలబడుతుంది.

కొలతలు

సీసా చేతిలోకి తీసుకుని నాలుగు కొలతలు రాయండి: ఒంటి వెడల్పు, మొత్తం ఎత్తు, అడుగు నుంచి భుజం (సీసా ఒళ్లు మూత వైపు సన్నబడే చోటు) దాకా ఎత్తు, మూత వెడల్పు. మా అరకిలో సీసా కొలతలు ఇవి: వెడల్పు 80 మి.మీ., మొత్తం ఎత్తు 120, భుజం 90, మూత 63. మీది వేరే అయి ఉంటుంది, లెక్క మాత్రం ఇదే.

భుజం ఎందుకంటే, సీసాని పైనుంచి నొక్కి పట్టాల్సింది అక్కడే. చాలామంది మూత మీద నొక్కుతారు. పార్సిల్ తలకిందులుగా పడితే బరువంతా మూత మీదకి వస్తుంది, సీలు వదిలేస్తుంది, నూనె బయటికొస్తుంది. పెట్టె మీద బాణం గుర్తు ఎంత పెద్దదిగా వేసినా లారీలో ఎవరూ చూడరు. తలకిందులైనా మూతకి ఏదీ తగలకుండా చేయడమే మన పని.

చుట్టూ 25 మి.మీ. ఖాళీ వదిలితే పెట్టె లోపలి పొడవు వెడల్పులు 130, 130. ఎత్తు లెక్క ఇలా: అడుగున అట్ట దిండు 9, భుజం దాకా సీసా 90, భుజం మీద కూర్చునే పై ట్రే 48. మొత్తం 147. పెట్టె లోపలి ఎత్తు మాత్రం 146 చెప్పండి. ఆ ఒక్క మి.మీ. తక్కువే మూత మూసినప్పుడు బిగువునిస్తుంది. షాపులో ఆర్డర్ ఇచ్చేటప్పుడు "ఇది లోపలి కొలత" అని రెండుసార్లు చెప్పండి. నేను ఒకసారే చెప్పాను. యాభై పెట్టెలు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ ట్రే దూరలేదు.

మరీ పెద్ద పెట్టె వద్దు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకోవడం చాలా కొరియర్లలో ఉన్న పద్ధతి. 25×20×20 పెట్టెలో కిలో సామాను పెట్టి పంపితే రెండు కిలోల డబ్బు కట్టాలి.

మడత తినే అట్ట

మొదటిసారి చేసేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. కాగితానికి మందం లేనట్టే లెక్క. అట్టకి ఉంది. 130 కావాలని గీతకీ గీతకీ మధ్య 130 పెట్టి మడిస్తే లోపల 127 మాత్రమే మిగులుతుంది, బయట 133 అవుతుంది. గీతకి లోపల సగం మందం, బయట సగం మందం పోతుంది కాబట్టి. అందుకని పెట్టె మీరే చేసుకుంటుంటే లోపలి కొలతకి ఒక మందం కలిపి గీత పెట్టండి. పెట్టెలోకి దూరాల్సిన ట్రేకి ఒక మందం తీసేసి, ఇంకో మి.మీ. వదులు ఇవ్వండి. 130లోకి దూరే ట్రేకి గీతల మధ్య 126 అన్నమాట.

గీత పెట్టడానికి కత్తి వాడకూడదు. పై కాగితం తెగితే ఆ మడతకి బలం ఉండదు. స్టీలు స్కేలు ఆనించి, రాయని బాల్ పెన్నుతోనో స్పూను కాడతోనో అదిమి రెండుసార్లు లాగండి. అలలు ఆ గీత వెంట అణిగి గాడి పడుతుంది. అలలకి అడ్డంగా వచ్చే గీతని గట్టిగా అదమాలి. అలల వెంట వచ్చే గీత మొండికేస్తుంది, మనం గీసిన చోట కాకుండా పక్క అల దగ్గర మడత పడుతుంది. దీనికి మా అమ్మ కజ్జికాయల అంచులు కోసే పళ్ల చక్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది. ఆవిడకి ఇప్పటికీ కొత్తది కొనిపెట్టలేదు.

రెండు ట్రేలు, ఒక దిండు

దిండు సులువు. 120 మి.మీ. వెడల్పు, 360 పొడవు ఉన్న పట్టీని మూడు పొరలు వచ్చేలా విసనకర్రలా మడిస్తే 9 మి.మీ. దిండు.

కింది ట్రేకి 222 మి.మీ. చదరం ముక్క కోయండి. నాలుగు అంచుల నుంచీ 48 మి.మీ. లోపలికి గీతలు పెడితే మధ్యలో 126 చదరం మిగులుతుంది. మూలల్లో వచ్చే చిన్న చదరాలని పూర్తిగా తీసేయకుండా ఒక్కో పక్క మాత్రమే కోసి నాలుకలా వదలండి. గోడలు మడిచాక నాలుకకి జిగురు రాసి పక్క గోడకి అంటించాలి. ఇప్పుడు దీన్ని బోర్లించండి, పూతరేకుల కుండని పొయ్యి మీద బోర్లించినట్టు. నాలుగు గోడల మీద నిలబడే పీట తయారైంది.

ఈ పీట నడిమధ్యలో సీసా దూరాలి. నేను మొదట్లో 80 మి.మీ. గుండ్రంగా కోసి తీసేసేవాణ్ణి. అట్ట అంచు పలుచన, రెండు కుదుపులకే అరిగి సీసా ఆడేది. ఇప్పుడు కోసి పారేయను, రేకులు తీస్తాను. మధ్యలో ముందు 35 మి.మీ. చిన్న గుండ్రం కోసి తీసేయండి. దాని చుట్టూ 85 మి.మీ. గుండ్రం గీసి అదమండి, కోయకండి. చిన్న గుండ్రం నుంచి పెద్ద గుండ్రం దాకా గడియారం అంకెల్లా పన్నెండు కోతలు పెట్టండి. తామర పువ్వులా పన్నెండు రేకులు వస్తాయి. సీసాని పైనుంచి నెమ్మదిగా దింపితే రేకులు కిందికి వంగి, 25 మి.మీ. పొడవునా సీసా ఒంటిని చుట్టుకుంటాయి. సీసా 80 అయితే గుండ్రం 85 ఎందుకంటే, మడిచిన రేకు మందం రెండు వైపులా కలిపి 6 మి.మీ. అవుతుంది. 86 పెడితే సరిగ్గా సరిపోతుంది, 85 పెడితే కాస్త బిగువు. ఆ బిగువే కావాలి. చేత్తో సీసాని పైకి లాగితే పీట కూడా కొద్దిగా లేచి వస్తే బాగా కుదిరినట్టు.

పై ట్రే కూడా ఇలాగే, గోడ 47 మి.మీ. (అట్ట సగం మందం కలిసి ట్రే ఎత్తు దాదాపు 48), ముక్క 220 చదరం. దీన్ని బోర్లించకూడదు, నోరు పైకే ఉండాలి. మధ్యలో 68 మి.మీ. గుండ్రం కోసి తీసేయండి, ఇక్కడ రేకులు అక్కర్లేదు. మూత ఆ రంధ్రంలోంచి పైకి వస్తుంది, ట్రే అడుగు సీసా భుజం మీద కూర్చుంటుంది. ట్రే గోడలు పెట్టె మూతకి తగులుతాయి, సీసా మూతకి పైన దాదాపు 18 మి.మీ. ఖాళీ మిగులుతుంది. పెట్టె తలకిందులైతే సీసా భుజాల మీద వేలాడుతుంది, మూత గాల్లోనే ఉంటుంది.

పెట్టెలో కింది ట్రే బోర్లించి, దాని లోపల అడుగున దిండు ఉండేలా సర్ది, సీసా దింపి, పై ట్రే పెట్టి మూయండి. మూసేటప్పుడు అరచేత్తో కాస్త నొక్కాల్సి వస్తే సరైన కొలత. మోకాలు పెట్టాల్సి వస్తే ఎక్కడో తప్పింది. టేపు మధ్య సందు మీద ఒకటి, రెండు చివరల అంచుల మీద ఒక్కోటి చాలు.

నాలుగైదు సీసాలైతే ఒకే పెద్ద ట్రేలో వరసగా గుండ్రాలు తీయండి, సీసాకీ సీసాకీ మధ్య కనీసం 20 మి.మీ. ఉండాలి. మధ్యలో గళ్లు వచ్చేలా అడ్డు పట్టీలు కూడా పెట్టొచ్చు. రెండు పట్టీల్లోనూ సగం ఎత్తుకి ఒక మి.మీ. కలిపి గాడి కోసి ఒకదాంట్లో ఒకటి దించాలి. గాడి వెడల్పు అట్ట మందమంతే. వెడల్పు ఎక్కువైతే గళ్లు వాలిపోతాయి.

పరీక్ష

మంచి ఆవకాయతో పరీక్ష చేయొద్దు. ఖాళీ సీసాలో పసుపు కలిపిన నీళ్లు నింపి, అసలు బరువుకి తగ్గితే కాస్త ఇసుక వేసి, మూత బిగించి ప్యాక్ చేయండి. ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. నీళ్ల చప్పుడు తప్ప 'టక్' అని ఇంకేం వినపడకూడదు. వినపడితే కింద పడేయకముందే విప్పి సరిచేయండి.

తర్వాత పడేయడం. పది కిలోల లోపు పార్సిళ్లని 76 సెం.మీ. ఎత్తు నుంచి పదిసార్లు వదిలి చూడటం ప్యాకింగ్ పరీక్షల్లో ఉన్న పద్ధతి. మన డైనింగ్ టేబుల్ కూడా ఇంచుమించు అంతే ఎత్తు. ఒక మూల మీద ఒకసారి, ఆ మూల దగ్గర కలిసే మూడు అంచుల మీద ఒక్కోసారి, ఆరు ముఖాల మీద ఒక్కోసారి. వదలాలి, విసరకూడదు. గచ్చు మీదే చేయండి, చాప మీద కాదు. విప్పాక పసుపు మరక ఎక్కడుందో చూస్తే ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసిపోతుంది. నా మొదటి నమూనాలో మరక మూత చుట్టూ కనపడింది. పై ట్రే గోడ పొట్టిదై పెట్టె మూత సీసా మూతకి తగులుతోందని అప్పుడే అర్థమైంది.

పూతరేకులకి లెక్క వేరే

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అడిగేవాళ్లు పెరిగారు, నుజ్జైన పూతరేకుల ఫోటోలూ పెరిగాయి. సీసాకి పనికొచ్చిన బిగువు ఇక్కడ పనికిరాదు. పట్టుకుంటే చాలు పొరలు చిట్లుతాయి. దొర్లకూడదు, అలాగని నొక్కకూడదు.

దీనికి అలల అట్ట వద్దు, మిఠాయి పెట్టెలకి వాడే 300 నుంచి 350 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే కొలత) డూప్లెక్స్ బోర్డు చాలు. దాన్ని కొండలూ లోయలుగా మడిచి పెట్టె అడుగున పరుస్తాం, ఒక్కో లోయలో ఒక్కో పూతరేకు. చుట్ట 30 మి.మీ. లావుంటే లోయకీ లోయకీ మధ్య దూరం 32 పెట్టండి. ఏటవాలు గోడ ఒక్కోటి 23 మి.మీ. ఆరింటికి పన్నెండు గోడలు, 276 మి.మీ. పట్టీ. మడిచి దింపితే 192 మి.మీ. పొడవు పెట్టెలో సరిపోతుంది. పెట్టె గోడలే ఆ మడతల్ని విచ్చుకోకుండా ఆపుతాయి, అందుకని ఇక్కడ వదులు ఇవ్వకండి. చుట్ట పైభాగం అడుగు నుంచి దాదాపు 37 మి.మీ. ఎత్తుకి వస్తుంది, పెట్టె లోపలి ఎత్తు 38 ఉంచండి. మధ్యలో బటర్ పేపర్ తప్పనిసరి, లేకపోతే నెయ్యి అట్టకి పట్టేసి మడత మెత్తబడుతుంది.

డూప్లెక్స్ బోర్డులో అలలు కనపడవు గానీ నారకి ఒక దిశ ఉంటుంది. చిన్న ముక్కని రెండు వైపులా వంచి చూడండి. సులువుగా వంగిన మడత నార వెంట పడినట్టు. పొడవాటి మడతలన్నీ ఆ దిశలోనే పెడితే పై పొర చిట్లదు.

వానాకాలం

మన దగ్గర అసలు శత్రువు లారీ కాదు, తేమ. గాల్లో తేమ 90 శాతం చేరితే అలల అట్ట పై బరువుని మోసే శక్తి సగం దాకా పడిపోగలదు. మే నెలలో బాగా నిలబడ్డ పెట్టె ఆగస్టులో అప్పడంలా వంగుతుంది. అట్టలు గచ్చు మీద పెట్టకండి, బల్ల మీద పెట్టి పాలిథిన్ కప్పండి. గోడకి ఆనించొద్దు. జోరు వాన రోజున గీతలు పెట్టే పని పెట్టుకోకండి, మెత్తబడ్డ అట్ట మీద గాడి నిలవదు, టేపు కూడా సరిగ్గా అంటదు. వానాకాలం పార్సిళ్లకి నేను సీసాని ముందు పలుచని పాలిథిన్ సంచిలో వేసి ముడేసి, ఆ తర్వాతే రేకుల్లోకి దింపుతాను. సంచి మందానికి గుండ్రం మార్చక్కర్లేదు.

కుదిరిన కొలతల్ని ఒక గట్టి అట్ట మీద గీసి, సీసా పేరు, నెల రాసి మేకుకి తగిలించండి. మా గోడ మీద ఇప్పుడు అలాంటివి ఐదున్నాయి. సీసాల కంపెనీ మధ్యలో చెప్పకుండా భుజం ఎత్తు మార్చేసింది కాబట్టి, కొత్త లోడు వచ్చినప్పుడల్లా ముందు ఒక సీసాని ఆ నమూనా ట్రేలో పెట్టి చూశాకే మిగతావి కోస్తాను.