హిమాలయ ట్రెక్‌లో వాగు నీళ్లు తాగే ముందు

- నీరు ఎంత తేటగా ఉన్నా నమ్మకండి. పైన గొర్రెల మందలు మేస్తుంటాయి. గుడారాలకు, మేత బయళ్లకు ఎగువనే పట్టండి.
- బురదగా ఉంటే తేరనిచ్చి, గుడ్డతో వడకట్టండి.
- అన్నిటికన్నా నమ్మదగినది మరిగించడమే. తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం, 2,000 మీటర్లు దాటితే 3 నిమిషాలు. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది మరి.
- 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టర్ బ్యాక్టీరియాను, జియార్డియా అనే విరేచనాలు తెప్పించే పరాన్నజీవిని ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. అందుకే వడకట్టాక క్లోరిన్ బిళ్ల కూడా వేయండి. చల్లటి నీటిలో అది పనిచేయడానికి ఎక్కువసేపు పడుతుంది, దాహమేసినా ఆగండి.
- తడి ఫిల్టర్ గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లుతాయి, పైకి మాత్రం తెలియదు. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లోనే ఉంచుకోండి.
- పచ్చినీళ్లు పట్టే సీసా, తాగే సీసా వేరుగా ఉండాలి.