పట్టాభిషేకం కాసును తోమకండి

సిరిమానోత్సవం దగ్గరపడితే విజయనగరంలో పాత ఇళ్ల ఇనప్పెట్టెలు తెరుచుకుంటాయి. కాసుల పేర్లతో పాటు తాతలనాటి రాజుబొమ్మ కాసులూ, అంటే బ్రిటిష్ రాజుల బొమ్మున్న బంగారు సవరన్లు, బయటికొస్తాయి. అవి పట్టుకొచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే సందేహాలివి.

సమస్య: 1902 కాసు మెరవట్లేదు

కారణం: ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్ టంకశాల వేసిన ప్రూఫ్ నాణేలకు (చెలామణికి కాక, దాచుకోడానికి ప్రత్యేకంగా వేసేవి) పుట్టుకతోనే మెరుపు లేదు. కావాలనే మసకగా వేశారు. అది తెలియక కుంకుడు రసం పోసి బ్రష్షుతో తోమేస్తారు. ఓ పెద్దావిడ "ఎలా తళతళలాడుతోందో చూడు బాబూ" అని చేతిలో పెడితే నా కడుపు తరుక్కుపోయింది.

పరిష్కారం: తోమాక పోయింది తిరిగి రాదు. మురికుంటే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, మెత్తటి గుడ్డ మీద ఆరనివ్వండి. రుద్దొద్దు.

సమస్య: తూకం తేడా

సవరను 7.98 గ్రాములు, అడ్డంగా 22.05 మి.మీ., 22 క్యారెట్లు. ఎక్కువ తూగితే అంచు చూడండి, కాసులపేరుకు గుచ్చడానికి కంసాలి పెట్టిన టంకం ఉంటుంది. దాన్ని కరిగించబోతే అంచు పాడవుతుంది, అలాగే ఉంచండి. కాస్త తగ్గితే అరుగుదలే, బ్రిటన్‌లో 7.94 దాకా చెల్లేది.

అనుమానం తీరకపోతే గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేసి, కాసును దారంతో అడుగు తగలకుండా ముంచండి. దాదాపు 0.45 గ్రాములు చూపాలి. 0.75 చూపితే లోపల వెండి.

సమస్య: తూకం సరిపోయింది, 1937 కాసు మాత్రం ఎవరూ కొనట్లేదు

కారణం అంచులో ఉంది. ఆరో జార్జి పట్టాభిషేకానికి బంగారు నాణేల ప్రూఫ్ సెట్లు 5,501 మాత్రమే వచ్చాయి, వాటి అంచు నున్నగా ఉంటుంది. ఆ ఏడు చెలామణికి సవరన్లు వేయలేదు. మీ కాసు అంచుకు పళ్లుంటే బంగారం అసలుదే కావచ్చు, కాసు మాత్రం నకిలీ. బంగారం ధరకి మించి ఆశించకండి. ఎనిమిదో ఎడ్వర్డ్ "పట్టాభిషేకం కాసు" అని ఎవరైనా చూపితే ఇక తూచక్కర్లేదు. ఆయనకు పట్టాభిషేకమే జరగలేదు.

సమస్య: ఎర్రటి మచ్చలు

అవి బంగారంలో కలిసిన రాగివి, కాసుకు దోషం కాదు. ప్లాస్టిక్ కవర్లో ఉంచినందుకు పచ్చటి జిగురు పడితే మాత్రం అసిటోన్‌లో ముంచి తీయండి.

సమస్య: అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలి

నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందికొస్తుంది, దేశం దాటించకూడదు. 1902 కాసులూ, ఐదో జార్జి పట్టాభిషేకం నాటి 1911 కాసులూ ఇక్కడే ఉండాలి.