అట్ట లేని ఆ కామిక్‌ని మళ్ళీ పట్టుకోవడం ఎలా

తొంభైల్లో చదివిన కామిక్ ఒకటి మీ బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పేరు గుర్తుండదు, నంబరు అసలే గుర్తుండదు, ఒక్క బొమ్మ మాత్రం నిన్న చూసినట్టే ఉంటుంది. నాకైతే అది ఎక్స్-మెన్ కథల్లో లోహాల్ని ఆడించే విలన్ మాగ్నీటో, చేతుల్లోంచి గోళ్ళు బయటికొచ్చే హీరో వుల్వరిన్ ఎముకలకి పట్టి ఉన్న లోహాన్నంతా ఒంట్లోంచి బయటికి లాగేసే పేజీ. నాకు దొరికిన కాపీకి అట్ట లేదు, చివర్లో కొన్ని కాగితాలూ లేవు, దాంతో మాగ్నీటోకి ఆ తర్వాత ఏమైందో తెలియకుండానే పెద్దవాణ్ణి అయిపోయాను. దాన్ని వెతుకుతూ చేసిన పొరపాట్లలోంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంటర్నెట్ తెరవకండి. ఒక కాగితం తీసుకుని గుర్తున్నదంతా రాయండి, ఎందుకంటే నాలుగొందల అట్టల బొమ్మలు వరసగా చూసేశాక మీ పాత జ్ఞాపకం ఏదో, ఇప్పుడే చూసింది ఏదో మీకే తెలియదు. ఎవరెవరు ఉన్నారు, ఏ రంగు బట్టల్లో ఉన్నారు, గొడవ ఎక్కడ జరిగింది, కాగితం గరుకుగా ఉందా నున్నగా ఉందా, వెనకాల ఏ వీడియో గేమ్ ప్రకటన ఉంది, ఇవన్నీ రాయండి. ప్రకటన అనవసరం అనుకోకండి, ఒక్కోసారి ఏడాది తేల్చేది అదే. ఇంకో మాట, ఎక్స్-మెన్ కార్టూన్, బ్యాట్‌మాన్ కార్టూన్ రెండూ 1992లోనే టీవీలో మొదలయ్యాయి, కాబట్టి కామిక్‌లో చూశాం అని మనం ఒట్టేసి చెప్పేవాటిలో కొన్ని నిజానికి టీవీలో చూసినవే. అనుమానం ఉన్న చోట ప్రశ్న గుర్తు పెట్టండి.

ఏడాది కనుక్కోవడానికి బట్టలకీ జుట్టుకీ మించిన ఆధారం లేదు. తొంభైల్లో కంపెనీలు హీరోల్ని చంపడం, నడుం విరగ్గొట్టడం, వేషం మార్చడం ఒక పిచ్చిలా చేశాయి, అదే మనకి ఇప్పుడు పనికొస్తోంది. సూపర్‌మాన్‌కి జులపాలు ఉన్నాయంటే అది చనిపోయి 1993లో తిరిగొచ్చిన తర్వాత, 1996లో ప్రియురాలు లోయిస్‌తో పెళ్ళికి ముందు. ఒళ్ళంతా నీలం రంగులో మెరుపులతో ఉన్నాడంటే 1997, 98. బ్యాట్‌మాన్ గోళ్ళున్న ఇనప కవచం వేసుకుని ఉంటే ఆయన అసలు బ్యాట్‌మాన్ అయిన బ్రూస్ వేన్ కాదు, బేన్ అనే విలన్ చేతిలో వేన్ నడుం విరిగాక 1993లో ఆ స్థానంలోకి వచ్చిన జాన్ పాల్ వ్యాలీ, మరుసటి ఏడాదికల్లా ఆ ముచ్చట ముగిసింది. గ్రీన్ లాంటర్న్ కుర్రాడిలా ఉన్నాడంటే కైల్ రేనర్, అంటే 1994 నుంచి. స్పైడర్‌మాన్ లాంటివాడు చేతుల్లేని నీలం హుడీ వేసుకుని తిరుగుతుంటే బెన్ రైలీ, 1994, 95. వుల్వరిన్ గోళ్ళు లోహం బదులు ఎముకలా ఉన్నాయంటే 1993 చివర్నించి ఇవతలిది. ఈ ఒక్క పేరాతోనే మీరు వెతకాల్సిన రాశి పదో వంతుకి తగ్గిపోవచ్చు.

పాత కాపీ ఇంట్లో ఇంకా ఉంటే, అట్ట లేకపోయినా కంగారు పడకండి. మొదటి పేజీ అడుగున, లేదంటే అట్ట లోపలి వైపు, చీమల బారులాంటి చిన్న అక్షరాల్లో నాలుగైదు వరసలు ఉంటాయి. సిరీస్ అసలు పేరు, సంచిక నంబరు, నెల, ప్రచురణకర్త అన్నీ అక్కడే ఉంటాయి. అట్ట మీద పెద్దగా వేసిన పేరుకన్నా దీన్నే నమ్మండి. నా పుస్తకంలో ఆ పేజీ ఎప్పుడో చిరిగిపోయింది, అది వేరే సంగతి.

పేర్లతోనే అసలు తిప్పలు. ఎక్స్-మెన్ అంటే ఒక్క సిరీస్ కాదు, 1963లో మొదలై ఆ రోజుల్లోనూ నడిచింది 'అన్‌క్యానీ ఎక్స్-మెన్' అయితే, 1991లో ఒట్టి 'ఎక్స్-మెన్' అని ఇంకోటి మొదలైంది. నేను ఆ తేడా తెలియక అన్‌క్యానీ సంచికలు తెప్పించుకుని, ఒక్కోటీ విప్పి, ఆ పేజీ లేక ఉసూరుమన్నాను. నాకు కావాల్సింది రెండో సిరీస్‌లో 25వ సంచిక, 1993. స్పైడర్‌మాన్‌కైతే ఆ రోజుల్లో ఒకేసారి నాలుగు నెలవారీ సిరీస్‌లు నడిచాయి. సూపర్‌మాన్ వాళ్ళు మాత్రం పాఠకుల మీద దయ తలచారు, కథ వారం వారం వేర్వేరు సిరీస్‌ల మధ్య దూకుతూ ఉండేది కాబట్టి 1991 నుంచి అట్ట మీద చిన్న త్రిభుజంలో ఏడాదీ, ఆ ఏడాదిలో అది ఎన్నో పుస్తకమో వేసేవాళ్ళు. సిరీస్ పేరు వదిలేసి ఆ త్రిభుజాల వరసలో చదువుకుంటూ పోతే చాలు.

ఇప్పుడు ఇంటర్నెట్ తెరవొచ్చు. గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అని వాలంటీర్లు నడిపే సైట్ ఉంది, దాంట్లో సిరీస్ తెరిచి మీరు తేల్చుకున్న ఏడాది అట్టలన్నీ వరసగా చూడొచ్చు, చాలా సంచికలకి లోపలి కథలు, పాత్రల వివరాలు కూడా ఉంటాయి. ఒక చిన్న మెలిక గుర్తుంచుకోండి, అట్ట మీద వేసిన నెల అమ్మకానికి వచ్చిన నెల కాదు, సాధారణంగా రెండు నెలలు ముందుకి వేస్తారు. సూపర్‌మాన్ చనిపోయిన 75వ సంచిక మీద జనవరి 1993 అని ఉంటుంది గానీ జనం కొన్నది 1992 నవంబరులో. కాబట్టి 'అప్పుడు నేను ఏడో క్లాసు' లాంటి లెక్కలు వేసుకునేటప్పుడు అటూ ఇటూ ఆర్నెల్లు వదులు ఉంచండి.

సంచిక దొరికిందనిపించగానే కొనెయ్యకండి. ఎక్స్-మెన్, స్పైడర్‌మాన్ పుస్తకాలు వేసే మార్వెల్ కంపెనీ వాళ్ళ మార్వెల్ అన్‌లిమిటెడ్ లాంటి యాప్‌లో ఉంటే ముందు అక్కడ తెరిచి మీ పేజీ ఉందో లేదో చూసుకోండి. ఇది ముందే చేసి ఉంటే నాకు అన్నిసార్లు నిరాశ తప్పేది.

కథ ఒక్క పుస్తకంలో ముగుస్తుందని కూడా అనుకోకండి. నా మాగ్నీటో కథ ఆరు వేర్వేరు సిరీస్‌లలో పరుచుకుని ఉంది, ఎక్స్-ఫ్యాక్టర్ 92, ఎక్స్-ఫోర్స్ 25, అన్‌క్యానీ 304, ఎక్స్-మెన్ 25, వుల్వరిన్ 75, ఎక్స్‌కాలిబర్ 71. తన గోళ్ళు నిజానికి ఎముకలే అని వుల్వరిన్‌కి తెలిసేది వుల్వరిన్ 75లో, నాకది తెలిసింది ఈమధ్యే. 1995లో వచ్చిన ఎక్స్-మెన్ కథ ఏజ్ ఆఫ్ అపొకలిప్స్ ఇంకా గోల, నాలుగు నెలలపాటు సిరీస్‌ల పేర్లే మార్చేశారు, వుల్వరిన్ పుస్తకం వెపన్ ఎక్స్ అయింది, జనరేషన్ ఎక్స్ కాస్తా జనరేషన్ నెక్స్ట్ అయింది. ఇలాంటివాటికి విడి సంచికలు ఏరుకోవడం కన్నా మొత్తం కథని కలిపి వేసిన సంకలనం కొనడం హాయి.

అలాగని అన్నిటికీ సంకలనమే మేలని కాదు. సంకలనాల్లో సాధారణంగా ప్రకటనలు ఉండవు, పాఠకుల ఉత్తరాలు ఉండవు, గరుకు కాగితం కోసం వేసిన రంగులు నున్నటి తెల్ల కాగితం మీద కళ్ళల్లో కొట్టినట్టు ఉంటాయి. కొన్నిటికి తర్వాత రంగులే కొత్తగా వేశారు. 1991లో నలుపు తెలుపులో మొదలై 55 సంచికలు నడిచిన 'బోన్' అనే కామిక్ ఇప్పుడు రంగుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, మీరు చదివింది నలుపు తెలుపైతే అదే అడిగి తీసుకోండి. నా పద్ధతి ఏంటంటే, కథ కోసమైతే సంకలనం, జ్ఞాపకం కోసమైతే ఆ ఒక్క విడి సంచిక.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను. తొంభైల కామిక్స్ మీద ఆస్తులేమీ కూడవు. 1991 నాటి ఎక్స్-మెన్ మొదటి సంచిక అయిదు అట్టలతో 80 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైంది, జనం ముందు ముందు ధర పెరుగుతుందని కట్టలు కట్టలు దాచుకున్నారు. అందరూ దాచుకున్నదానికి గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది? తర్వాత మార్కెట్ కూలింది, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. డెడ్‌పూల్ మొదటిసారి కనిపించిన న్యూ మ్యూటెంట్స్ 98, హార్లీ క్విన్ మొదటి కామిక్ అయిన బ్యాట్‌మాన్ అడ్వెంచర్స్ 12 లాంటివి కొన్ని మినహాయింపులు. మిగతావాటి విషయంలో మనలాంటి చదువరుల పంట పండినట్టే, ఎందుకంటే కాపీలు కుప్పలుగా ఉన్నాయి.

కొనేటప్పుడు అమ్మేవాణ్ణి అడగాల్సినవి: పేజీలన్నీ ఉన్నాయా, కూపన్లు కత్తిరించారా, మధ్య పేజీ పిన్నుల నుంచి ఊడిందా, బూజు వాసన వస్తోందా. మధ్య పేజీ ఫోటో తప్పకుండా అడగండి. పుస్తకంతోపాటు వచ్చిన కార్డులు, పోస్టర్లు ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి, సూపర్‌మాన్ 75 కలెక్టర్ల ఎడిషన్ నల్ల ప్లాస్టిక్ కవర్‌లో చేతికి కట్టుకునే సంతాప పట్టీతో సహా వచ్చింది మరి. కాపీ ఎంత బాగుందో మార్కులు వేసి (గ్రేడింగ్) గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసినవి మనకొద్దు, వాటిని విప్పకుండా చదవలేం. అంచులు కాస్త నలిగి, చదవడానికి బాగున్న కాపీ అయితే చాలు, తెరవడానికి భయం ఉండదు.

ఇంటికొచ్చాక అసలు శత్రువులు వెలుతురు, చెమ్మ, సెల్లో టేప్. గరుకు కాగితంలో లిగ్నిన్ ఉంటుంది, అది గాలికీ వెలుతురుకీ పసుపెక్కి పెళుసుబారుతుంది. చీకటి గదిలో, గాల్లో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి, 65 దాటితే బూజు మొదలవుతుంది, పిన్నులు తుప్పు పడతాయి. ఒక్కో పుస్తకాన్నీ ప్లాస్టిక్ కవర్‌లో, వెనకాల యాసిడ్ లేని అట్టముక్క పెట్టి, పెట్టెలో నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నవాటి వెన్ను వంకరపోతుంది. మైలార్ అనే పాలిస్టర్ ప్లాస్టిక్ కవర్లు చాలాకాలం ఉంటాయి, మామూలువి కొన్నేళ్ళకోసారి మార్చాలి. చిరిగిన పేజీకి సెల్లో టేప్ మాత్రం చచ్చినా వెయ్యకండి, ఆ జిగురు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మరకై కూర్చుంటుంది, దాన్ని తీయడం చాలా కష్టం.

టేప్ గురించి ఇంకోటి. కవర్ మూతకి వేసిన టేప్‌ని పూర్తిగా పీకకుండా పుస్తకం బయటికి లాగారంటే అది అట్టకి అతుక్కుని రంగు ఊడదీస్తుంది. ఇన్నేళ్ళు వెతికి తెప్పించుకున్న ఎక్స్-మెన్ 25 అట్టని నేను సరిగ్గా అలాగే గీరేశాను, అదీ అట్ట మీద ఉన్న హోలోగ్రామ్ బొమ్మ పక్కనే. ముందు టేప్ తీసి పక్కన పారేసి, అప్పుడు పుస్తకం తీయండి.

చదవడం మాత్రం మీరు మొదటిసారి ఎలా చదివారో అలాగే, మధ్యలోంచి మొదలుపెట్టండి. ముందు కథ తెలుసుకుని, వరస పెట్టుకుని, ఆ తర్వాత చదువుదాం అనుకుంటే అది హోంవర్క్ అయిపోతుంది. నేను నేరుగా ఆ పేజీకే వెళ్ళాను, తర్వాత నా పాత కాపీలో లేని కాగితాలు ఒక్కొక్కటే తిప్పాను. ఎక్స్-మెన్ గురువు, మనసుల్ని శాసించగల ప్రొఫెసర్ ఎక్స్ కోపంతో మాగ్నీటో మనసు మొత్తం తుడిచేస్తాడు. కొట్టుకుని చస్తారేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.